సహిత విద్య: 52 – 27 లెక్కతో చదవండి

టెట్, డీఎస్సీ రాయబోతున్న మిత్రులకు,

సహిత విద్య (వైకల్యమున్న పిల్లలకూ మిగతా పిల్లలతో కలిపి ఒకే తరగతిలో చదువు చెప్పడం) అనగానే చాలామంది సంవత్సరాలు బట్టీపట్టి ఊరుకుంటారు. అవీ కావాలి. పిల్లలందరినీ మామూలు బడుల్లోనే చేర్చుకోవాలన్న 1994 సాలమాంకా అంతర్జాతీయ ప్రకటన, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, అందులో 21 రకాల వైకల్యాలు (1995 చట్టంలో ఏడే). 40 శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య. దీన్ని విద్యాహక్కు చట్టంలోని 6–14తో కలిపేసుకోకండి. ఇదంతా ఒక పూట పని. మార్కులు జారేది ‘ఈ సందర్భంలో ఉపాధ్యాయుడు ఏం చేయాలి?’ అన్న ప్రశ్నల దగ్గర.

అందుకే ఒక్క పాఠానికైనా పూర్తి పథకం చేత్తో రాయండి. అప్పు తీసుకునే తీసివేత, 52 – 27 అనుకుందాం. ఒక పిల్లవాడు 35 అని రాశాడు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశాడు. ఇలాంటివే ఇంకో పది లెక్కలిస్తే ఆ తప్పే గట్టిపడుతుంది. పదేసి పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు చేతికివ్వండి. ఒక కట్ట విప్పితే విడివి పన్నెండవుతాయి, ఏడు తీస్తే అయిదు మిగులుతాయి. నాలుగు కట్టల్లో రెండు తీయించండి. అంకెలు ఆ తర్వాతే.

అదే పాఠం చూపు తక్కువున్న పాపకు చెప్పేటప్పుడు బోర్డు మీద రాసే ప్రతి అంకెనూ పైకి చదవాలి. వినికిడి లోపమున్న బాబుకు మాత్రం బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదవులు కనపడవు. రాయడం ముగించి, ఇటు తిరిగి చెప్పాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం నీడలో పడుతుంది, ఇది చాలామందికి తట్టదు. అంకెల వరుస తప్పే పిల్లకు గళ్ల కాగితం ఇవ్వండి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలకు ముందు కట్ట విప్పి చూపించి, ఆ తర్వాత ‘అప్పు’ అన్న మాట వాడండి.

ఇక్కడిదాకా మారింది పద్ధతే, లక్ష్యం అలాగే ఉంది. మేధోవైకల్యమున్న పిల్లవాడికి ఇరవై లోపు తీసివేత చాలనుకుంటే లక్ష్యమే మారింది, అది ఐఈపీలో (ఆ ఒక్క పిల్లవాడి కోసం రాసుకునే విద్యా ప్రణాళికలో) రాయాలి. ఈ తేడా పట్టుబడితే ఆప్షన్లలో సగం వాటంతటవే రాలిపోతాయి. ‘వేరుగా కూర్చోబెట్టాలి’, ‘ఆ పని నుంచి మినహాయించాలి’ అన్నవి వెంటనే కొట్టేయండి. తోటి పిల్లల సాయం మంచిదే, కానీ ‘తెలివైన పిల్లవాడికి అప్పగించాలి’ అంటే టీచరు చేతులు దులుపుకోవడమే.

పథకంలో మూల్యాంకనం గడి ఖాళీగా వదలకండి. రాయలేని పిల్లవాడు కట్ట విప్పి చూపినా, నోటితో 25 అని చెప్పినా తీసివేత వచ్చినట్టే నమోదు చేయాలి.