ఎక్కడ బ్రేక్ వేయాలి?

మా షెడ్డులో చెక్క చెక్కే చిన్న సీఎన్‌సీ మెషీన్ (కంప్యూటర్ చెప్పినట్టు కదిలే యంత్రం) కట్టుకున్నాను. మోటార్లను పక్కలకూ, పైకీ కిందికీ నడిపే కోడ్ నేనే రాశాను. సగం దూరం వేగం పెంచు, మిగతా సగం తగ్గించు అని రాస్తే చాలనుకున్నాను. పక్కలకు కదిలేటప్పుడు బాగానే పనిచేసింది. కానీ స్పిండిల్ (బిట్టును తిప్పే భాగం) కిందికి దిగేటప్పుడు దాని బరువు ఆపడానికి అడ్డుపడింది, చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగే మోటారు కొన్ని స్టెప్పులు జారింది, బిట్టు టేకు చెక్కలో దిగబడిపోయింది. ఆ టక్ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది.

రాత్రంతా కూర్చుని లెక్క వేశాను. కిందికి వేగం పెంచేది 500, తగ్గించేది 250 (సెకనుకు సెకనుకు మిల్లీమీటర్లు) అనుకుందాం. ఆగడానికి పట్టే దూరం వేగం వర్గాన్ని 250కి రెట్టింపైన 500తో భాగిస్తే వస్తుంది. మిగిలిన దూరం దీనికి సమానమైన క్షణమే మలుపు, అంటే వేగం పెంచడం ఆపి బ్రేక్ వేయాల్సిన చోటు. 12 మిల్లీమీటర్ల కదలికలో అది 12 × 250 ÷ 750 (500, 250 కలిపితే 750), అంటే 4 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. 6 దగ్గర కాదు! అక్కడ వేగం సెకనుకు దాదాపు 63 మిల్లీమీటర్లు. నా స్క్రూకి మిల్లీమీటరుకు 400 స్టెప్పులు, కాబట్టి 1600వ స్టెప్పు దగ్గరే బ్రేక్.

దూరం ఎక్కువై గరిష్ఠ వేగం 100 అందుకుంటే, చివరి 20 మిల్లీమీటర్లు ఆపడానికే కావాలి. ఇప్పుడు ప్రతి స్టెప్పుకీ ఈ పోలిక చేస్తున్నాను; మధ్యలో గమ్యం మార్చినా సరిగ్గా ఆగుతోంది. నిన్న అదే టేకు ముక్క మీద తామర పువ్వు చెక్కాను, ఒక్క రేకూ చెడలేదు.