అయ్యగారి సంతకం పక్కన ఇంకొక సంతకం

పాస్టరుగారు నెమ్మదిగా మాట్లాడితే, అందరితో పాటు చాప మీద కూర్చుని భోంచేస్తే "ఎంత తగ్గింపు గల దైవజనుడో" అంటాం. ఆ మాట నేనూ సంతోషంగానే వింటాను. కానీ బ్యాంకులో క్యాషియర్‌గా చేరి అక్కడే రిటైరైన మనిషిని, ఇప్పుడు మానుకోట (మహబూబాబాద్) దగ్గర ఒక చిన్న సంఘానికి ట్రెజరర్‌ని. నా చూపు వేరే చోటికి పోతుంది. సంఘం ఖాతాలో డబ్బు తీయాలంటే ఎన్ని సంతకాలు కావాలి? మందిరం స్థలం ఎవరి పేరున రిజిస్టరైంది? అయ్యగారు ఒకటి అనుకున్నాక "వద్దండీ, ఇంకోసారి ఆలోచిద్దాం" అనగలిగిన మనిషి కమిటీలో ఒక్కరైనా ఉన్నారా? నాయకుడి తగ్గింపు, అంటే వినయం, నాకు అక్కడ కనబడాలి.

మా దగ్గర ఆదివారం ఆరాధన అయ్యాక కానుకల సంచులు వెనక గదిలో బల్ల మీద గుమ్మరిస్తాం. నేను, స్త్రీల సమాజం నుంచి ఒక అక్క, యూత్‌లో నుంచి ఒక తమ్ముడు కూర్చుని లెక్కపెట్టి, రిజిస్టర్‌లో రాసి ముగ్గురం సంతకం పెడతాం. పాస్టరుగారు ఆ గదిలోకి రారు. ఈ సంఘానికి వచ్చిన కొత్తలో ఆ నియమం పెట్టించింది ఆయనే. కొందరు పెద్దలకు బాధనిపించింది, "మిమ్మల్ని అనుమానించినట్టు ఉంటుంది అయ్యగారూ" అన్నారు. ఆయన బైబిలు తెరిచి కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయం చదివించారు. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం పోగైన చందాను పౌలు ఒక్కడే మోసుకుపోలేదు. తోటి సేవకుడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన ఇంకో సహోదరుణ్ణి కూడా పంపాడు. తమ మీద ఎవరూ నింద వేయకుండా ప్రభువు దృష్టిలోనూ మనుషుల దృష్టిలోనూ సరిగా ఉండాలని కారణం కూడా రాశాడు. పౌలంతటివాడే అంత జాగ్రత్త పడ్డాడు.

బ్యాంకులో స్ట్రాంగ్ రూమ్‌కి రెండు తాళాలుంటాయి, రెండూ ఒకరి చేతిలో ఉండవు. మేనేజర్ దొంగ అని కాదు ఆ ఏర్పాటు. రేపు పది రూపాయలు తేడా వస్తే ఆయన ఒంటరిగా నిలబడకుండా ఉండడానికి. పాస్టరుగారికి కూడా ఆ కాపుదల ఇవ్వాలి కదా.

ఇలా లేనిచోట ఏమవుతుందో దగ్గర నుంచి చూశాను. ఊరు, పేరు చెప్పను. కూలికి పోయే ఆడవాళ్లు పిడికిట బియ్యం తీసి, అమ్మి, ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతో స్థలం కొన్నారు. అది నాయకుడి కుటుంబం పేరున రిజిస్టరైంది. సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీగా రిజిస్టర్ చేయించి స్థలం దాని పేరున పెట్టి ఉంటే సరిపోయేది. ఒక పెద్దమనిషి అదే అడిగాడు. మరుసటి ఆదివారం ప్రసంగమంతా "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అన్న వచనం మీదే నడిచింది. ఆ పెద్దమనిషి కుటుంబం మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ వచనం 105వ కీర్తనలోది. దయచేసి ముందు వచనాలు కూడా చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందిగా, పరదేశులుగా, సొంత భూమి లేకుండా దేశం నుంచి దేశానికి తిరుగుతున్నప్పుడు, వాళ్ల జోలికి పోవద్దని దేవుడు రాజులను గద్దించిన మాట అది. బలం లేనివాళ్లను కాపాడడానికి పుట్టిన మాటను, లెక్క అడిగిన మనిషి నోరు మూయించడానికి వాడడం నాకు చాలా దుఃఖం కలిగిస్తుంది. దావీదు అభిషిక్తుడే. అతని తప్పు ఎత్తి చూపడానికి నాతాను ప్రవక్త వెళ్లి "ఆ మనుష్యుడవు నీవే" అన్నప్పుడు దావీదు అతన్ని వెళ్లగొట్టలేదు, పాపం చేశానని ఒప్పుకున్నాడు.

ఈ ప్రాంతంలో ఉంటూ బిషప్ అజరయ్యగారిని తలుచుకోకుండా ఉండలేను. డోర్నకల్ మాకు రైల్లో దగ్గరే. ఆయన తిరునల్వేలి నుంచి వచ్చిన తమిళుడు. 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి, మిషనరీలు చేసిన త్యాగాలకు భారత సంఘం ఎప్పటికీ కృతజ్ఞతతో ఉంటుంది, కానీ మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. పెత్తనం చేసేవాళ్ల ముఖం మీదే అడిగిన మాట అది, చాలామందికి నచ్చలేదు. 1912 డిసెంబరులో ఆయనే డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండ్ చర్చి శాఖలో) బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

కుర్చీ దొరికాక మనిషి ఏం చేస్తాడన్నదే నాకు ముఖ్యం. ఆయన ఎడ్లబండి మీద, సైకిల్ మీద పల్లెలు తిరిగారు. సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు, చదువు అందనివాళ్లు. బాప్తిస్మం పొందిన ప్రతివాళ్లతో తమ తల మీదే చెయ్యి పెట్టించి "సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అనే అర్థం వచ్చే పౌలు మాట చెప్పించేవారు. అంటే నిన్న బాప్తిస్మం తీసుకున్న పాలేరు కూడా ఈ రోజు సేవకుడే. సేవను బిషప్ దగ్గరే దాచుకోకుండా అంతమందికి పంచిపెట్టడాన్ని నేను తగ్గింపు అంటాను. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథీడ్రల్ చూడడానికి వెళ్లేవాళ్లు గోపురాలతో పాటు ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకుంటే బాగుంటుంది.

సంఘస్తుల వైపు నుంచి కూడా ఒక మాట. పాస్టరుగారిని ఒంటరిగా పైన కూర్చోబెట్టేది చాలాసార్లు మనమే. ఫ్లెక్సీ మీద ఆయన బొమ్మ నిలువెత్తు వేయిస్తాం, పిల్లాడికి జ్వరమొచ్చినా అర్ధరాత్రి ఆయనకే ఫోన్ చేస్తాం, ఆయన బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో అడగం. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే, "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అని మామ యిత్రో మొహమాటం లేకుండా చెప్పాడు. నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. మా దగ్గర సోమవారం అయ్యగారి ఫోన్ ఒక పెద్దమనిషి దగ్గర ఉంటుంది. నెలలో ఒక ఆదివారం వాక్యం వేరేవాళ్లు చెబుతారు, ఆయన కింద భార్యాపిల్లలతో కూర్చుంటారు. పాస్టరమ్మకి అది ఎంత ఇష్టమో ఆమె ముఖంలోనే తెలుస్తుంది.

మా నియమాల్లో ట్రెజరర్‌కి కూడా గడువుంది, నా గడువు కోత పండుగతో అయిపోతుంది. తర్వాత పుస్తకాలు చూసేది బీకాం చదివిన ఒక చెల్లి. పోయిన నెల కమిటీలో ఆమె, జనరేటర్ డీజిల్ ఖర్చుకి బిల్లు లేదేమిటని అడిగింది. ఆ డబ్బు తీసుకున్నది పాస్టరుగారే. గదిలో ఒక్క క్షణం అందరికీ టెన్షన్. ఆయన "నిజమే అమ్మా, రేపు తెస్తాను" అన్నారు. మర్నాడు బంకుకి వెళ్లి బిల్లు రాయించుకొచ్చి ఇచ్చారు. ఆమె దాన్ని ఓచరుకి పిన్ చేసి, నంబరు వేసి, అప్పుడే సంతకం పెట్టింది.