వికీసోర్స్ లాగ్: నియమాల చీటీ మీద కొత్తవాళ్ల ప్రశ్న గుర్తులు

పని: పాత అచ్చు పుస్తకం స్కాన్‌ను తెలుగు వికీసోర్సులో (అందరూ కలిసి నడిపే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం) పుట పుటా దిద్దడం. కొత్తగా ఇద్దరు చేరారు. చేరగానే చేతిలో పెట్టే నియమాల చీటీలో ఏది చెయ్యాలో ఉంది, ఎందుకో లేదు. అందుకే ఈసారి పద్ధతి మార్చాం. మొదటి పది పుటలు దిద్దేటప్పుడు వింతగా తోచిన నియమం పక్కన వాళ్లు ప్రశ్న గుర్తు పెట్టాలి. పది చాలు, ఆ తర్వాత చెయ్యి అలవాటు పడి ఏదీ వింతగా తోచదు.

1వ వారం

మొదటి గుర్తు దంత్య చకారం దగ్గర పడింది. స్కానులో ‘ౘాలు’ అని స్పష్టంగా ఉంది. చీటీ మాత్రం మామూలు ‘చ’ కొట్టమంటోంది. కంప్యూటర్లలో అక్షరాలకు కోడ్‌లిచ్చే ప్రమాణం యూనికోడ్‌. ౘ, ౙ అందులోకి వచ్చింది 2008లో, 5.1 వెర్షన్‌తో. అంతకుముందు కొడదామన్నా అక్షరం లేదు. నియమం అప్పటిది, కారణం ఎప్పుడో పోయింది. చీటీలోంచి తీసేశాం.

అదే ఊపులో నకారపొల్లు (పాత అచ్చులో ‘న్’కు వాడిన విడి గుర్తు) సంగతీ వచ్చింది. దానికీ 2021లో, యూనికోడ్ 14తో, విడి కోడ్ వచ్చింది. కానీ ఫాంటులో ఆ అక్షరం లేని ఫోనులో ఖాళీ డబ్బా కనిపిస్తుంది, ‘న్’ అని వెతికితే ఆ మాట దొరకదు. కాబట్టి ‘న్’ అలాగే ఉంటుంది. చీటీలో పక్కనే ‘ఫాంట్ల వల్ల, ఏడాదికోసారి చూడాలి’ అని రాశాం.

అరసున్న తీసేద్దామన్న సూచన మాత్రం ఒప్పుకోలేదు. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే అంకె. పైగా మనం చేసేది అచ్చుదిద్దడమే, భాషను సవరించడం కాదు.

2వ వారం

‘ఓసీఆర్ వద్దు, చేత్తోనే కొట్టాలి.’ ఓసీఆర్ అంటే స్కాన్ బొమ్మను కంప్యూటరే చదివి అక్షరాలుగా మార్చడం. పాతవాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైన నియమం ఇదే. తెలుగుకు పనికొచ్చే ఓసీఆర్ లేని రోజుల్లో పెట్టుకున్నది. వాదించుకోకుండా ఐదు పుటలు చేత్తో, ఐదు ఓసీఆర్‌తో చేసి, రెండూ మూడో మనిషికి చదవడానికిచ్చాం. తప్పుల రకమే వేరు. చేత్తో కొడితే ఒక పంక్తి ఎగిరిపోతుంది, లేదా ‘ఱ’ తెలియకుండానే ‘ర’ అయిపోతుంది. ఓసీఆర్ మ-య, వ-ప, ధ-థ తారుమారు చేస్తుంది, అరసున్నను ఇంగ్లిషు ‘సి’గానో బ్రాకెట్‌గానో చదువుతుంది.

అన్నిటికన్నా దొంగ తప్పు సున్నది. అక్షరం పక్కన వచ్చే ‘ం’, తెలుగు అంకె ‘౦’ కంటికి ఒకేలా ఉంటాయి, కోడ్ వేరు. ‘౦’ దూరిన మాట చూడటానికి బాగానే ఉంటుంది, వెతికితే మాత్రం రాదు. అందుకని పుటను పసుపు చేసే (ఒకసారి దిద్దడం అయిందని గుర్తు పెట్టే) ముందు ‘౦’ను వెతికి, పక్కన అంకె లేని ప్రతిదాన్నీ మార్చాలి.

తేల్చింది: వచనానికి ఓసీఆర్. రెండు కాలమ్‌ల పుటలకు చెయ్యే, ఎందుకంటే ఓసీఆర్ ఒక్కోసారి కాలమ్ దాటి అడ్డంగా చదివేస్తుంది.

ప్రతి పంక్తి చివరా బ్రేక్ ట్యాగు (పంక్తిని అక్కడే విరవమని చెప్పే కోడ్) పెట్టే అలవాటు కూడా పోయింది. పద్యానికే అవసరం. వచనంలో పెడితే ఫోనులో పంక్తులు సగం సగం విరుగుతాయి. పుట చివర మాట విరిగితే హైఫన్ ఉంచండి, పుటలు కలిపినప్పుడు దానంతటదే అతుక్కుంటుంది. హైఫన్ లేకపోతే మధ్యలో ఖాళీ పడుతుంది.

3వ వారం

పసుపు చేసినవాళ్లే ఆ పుటను ఆకుపచ్చ (రెండో మనిషి సరిచూశారన్న గుర్తు) చేయడానికి సైటు ఒప్పుకోదు. దాంతో పాతవాళ్లిద్దరు ఒకరి పుటలు ఒకరు చకచకా పచ్చ చేసుకోవడం ఆనవాయితీ అయింది. కొత్తవాళ్లకు ఆ పని ఇచ్చేవాళ్లం కాదు. ఇప్పుడు తిరగేశాం: పాతవాళ్ల పసుపు పుటలు కొత్తవాళ్లే చదువుతారు. పాత కన్ను తప్పును తనే సరిచేసుకుని చదివేస్తుంది, కొత్త కన్ను తడబడి ఆగుతుంది.

కాపీహక్కుల పంక్తి కూడా చీటీలో పాత సంవత్సరం దగ్గరే గడ్డకట్టింది. రచయిత బతికుండగా వచ్చిన పుస్తకానికి మన దేశంలో లెక్క ఇది: మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు. రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహం 1946లో పోయారు, కాబట్టి ఆయన పుస్తకాలకు 2007 జనవరి 1కి కాపీహక్కు నుంచి విడుదల. చీటీలో సంవత్సరం తీసేసి, లెక్క రాశాం.

ఇంకా తేలనిది ఒకటే: శీర్షికలో పుట సంఖ్య పుస్తకంలో ఉన్నట్టు ౧౨౩ అని కొట్టాలా, 123 అనా. వచ్చే పది పుటలు రెండు రకాలుగానూ చేసి చూడాలి.