రెబెకాకు వినపడని ప్రశ్న

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున్నే అమ్మమ్మ చెవి మిషన్ బ్యాటరీ అయిపోయింది. ఇంట్లో వేరేది లేదు. "ఇడ్లీనా, ఉప్మానా?" అని అడిగితే నవ్వి తలూపింది. ఉప్మా పెట్టేశాను. వినపడలేదని చెప్పడం ఆమెకు నామోషీ.

ఆ నవ్వు చూశాక రోజంతా రెబెకా నర్సే గుర్తొచ్చింది. నిన్న రాత్రి, మంత్రగత్తెలన్న ఆరోపణతో జరిగిన సేలం విచారణల గురించి చదువుతూ పడుకున్నాను. 1692, మసాచుసెట్స్. రెబెకాకు 71 ఏళ్లు. పిల్లలూ మనవలూ ఉన్న పెద్దావిడ, చెవుడు. జ్యూరీ మొదట నిర్దోషి అనే చెప్పింది. అంతే, ఆరోపణ చేసిన అమ్మాయిలు కోర్టులోనే గగ్గోలు పెట్టారు. జడ్జి మళ్లీ ఆలోచించమన్నాడు. నేరం ఒప్పుకున్న ఒకావిడను చూసి రెబెకా "ఆమె మాలో మనిషే కదా" అంది. అంటే ఏమిటని జ్యూరీ పెద్ద అడిగాడు. ఆమె పలకలేదు. ఆ మౌనాన్నే నేరం కింద లెక్కేశారు. ప్రశ్నే వినపడలేదని, తోటి ఖైదీ అనే అర్థంలో అన్నానని తర్వాత రాసిచ్చింది. జూలై 19న ఉరి తీశారు.

సేలంలో ఉరి తీసింది 19 మందిని, అందులో 14 మంది ఆడవాళ్లు. మంత్రగత్తెనని ఒప్పుకుని ఆ మాట మీదే నిలబడ్డవాళ్లను మాత్రం ఉరి తీయలేదు. రెబెకా ఒప్పుకోలేదు. ఆ ఒక్క అబద్ధం ఆడి ఉంటే బతికేదేమో.

1968లో న్యూయార్క్‌లో స్త్రీవాదులు మంత్రగత్తెలనే అర్థమొచ్చే 'విచ్' అని పేరు పెట్టుకుని, ఆ వేషాల్లో వాల్ స్ట్రీట్‌కి వెళ్లారు. తిట్టుని లాక్కుని తలమీద పెట్టుకున్న ఆ తెగువంటే నాకు గౌరవం. కానీ రెబెకా ఆ పేరు నాది కాదన్నందుకే చచ్చిపోయింది కదా, ఆమె తలకి ఆ మంత్రగత్తె టోపీ పెట్టడానికి నాకు మనసొప్పదు. మా తెలంగాణ పల్లెల్లో బాణామతి చేసిందన్న అనుమానం ఇప్పటికీ ప్రాణాల మీదకి తెస్తుంది. నాకు గుర్తుగా నిలిచేది జార్ఖండ్‌లోని ఛుట్నీ మహతో. మంత్రగత్తె అని ముద్ర వేసి, కొట్టి తరిమారు. ఆమె తనలాంటి ఆడవాళ్లను కాపాడుతూ వచ్చింది. 2021లో పద్మశ్రీ ఇచ్చారు.

సాయంత్రం బ్యాటరీ తెచ్చి పెట్టాను.

"పొద్దున ఏదో అడిగినవ్, ఏంది బిడ్డా?"

"ఇడ్లీనా ఉప్మానా అని, అమ్మమ్మా."

"ఇడ్లీ అందునే."