చావు గురించి అందరూ అడిగారు, కాలు గురించి ఎవరూ అడగలేదు

నలభై నాలుగేళ్ళ వయసులో గేర్ల బండి నేర్చుకుంటానంటే ఇంటా బయటా వినిపించిన మాట ఒకటే. "చస్తావే" అని అమ్మ సూటిగా అంది. అన్నయ్య అదే సంగతి కాస్త మర్యాదగా, "పిల్ల చదువైనా పూర్తవనీ" అన్నాడు. ఆఫీసులో వాళ్ళు నవ్వుతూ ఇన్సూరెన్స్ ఉందా అని అడిగారు. అందరి భయమూ చావు గురించే కాబట్టి నేనూ చావు లెక్కే తీశాను.

ఆ లెక్క చిన్నదేమీ కాదు. అమెరికాలో రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ గణాంకాల ప్రకారం, ప్రయాణించిన మైలుకి కారులో వాళ్ళకంటే మోటార్ సైకిల్ మీద వాళ్ళు చనిపోయే రేటు 20 రెట్లకు పైనే. అక్కడితో ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టరు. నేను ఇంకాస్త లోపలికి వెళ్ళి చూశాను. అవే గణాంకాల్లో, ప్రాణాంతక ప్రమాదాల్లో ఉన్న రైడర్లలో నాలుగో వంతుకి పైగా తాగి నడిపినవాళ్ళు. దాదాపు మూడో వంతు మందికి సరైన లైసెన్సే లేదు. హెల్మెట్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష, హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతాయని తేల్చింది. నేను తాగను. పద్ధతిగా క్లాసులో చేరి నేర్చుకున్నాను, లైసెన్స్ తీసుకున్నాను, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న చిన్న ఇంజన్ బండి కొన్నాను. గడ్డం దాకా కప్పే హెల్మెట్ లేకుండా గేటు దాటలేదు, రాత్రిపూట బండి తీయలేదు. ఇలా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వస్తే చివరికి మిగిలే ముప్పు నాకు భరించదగ్గదిగానే కనిపించింది. ఆ లెక్క తప్పని ఇప్పటికీ అనను. అందులో ఒక వరస లేదు, అంతే.

ఆ వరస నా ఎడమ మోకాలి కింద ఉండే పెద్ద ఎముక.

జంక్షన్‌లో దారి నాది. ఎదురుగా వస్తున్న కారు నా ముందు నుంచి అడ్డంగా తిరిగింది. నా వేగం తక్కువే, బ్రేకు బాగానే పట్టింది, చక్రం జారలేదు. అయినా కారు మూల తగిలి బండి పక్కకి ఒరిగింది, దాని కింద నా కాలు ఉండిపోయింది. కారు నడుపుతున్నాయన దిగి, "కనపడలేదండీ, నిజంగా కనపడలేదు" అని అంటూనే ఉన్నాడు. అబద్ధమనుకోను. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం 900 ప్రమాదాలు జరిగిన చోటికి వెళ్ళి పరిశీలించి, 1981లో ఇచ్చిన నివేదికలో ఉన్నదీ ఇదే. వేరే వాహనంతో జరిగిన ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు, అవతలి డ్రైవర్ మోటార్ సైకిల్‌కి ఇవ్వాల్సిన దారి ఇవ్వకపోవడం వల్లే జరిగాయట. డ్రైవర్లు వెతికేది కార్ల కోసం. సన్నటి బండి కళ్ళ ముందే ఉన్నా మనసుకి ఎక్కదు. ఒకవేళ ఎక్కినా, చిన్నగా ఉంది కాబట్టి ఇంకా దూరంలో ఉన్నట్టే అనిపిస్తుంది. నేను కొట్టేసుకుంటూ వచ్చిన వాటిలో ఇది లేదు. ఇది నా చేతిలో ఉన్నది కాదు.

నొప్పి వెంటనే రాలేదు. ముందు కాలు వంగకూడని చోట వంగి కనిపించింది, ఆ తర్వాత నొప్పి వచ్చింది. ఎక్స్‌రేలో ఆ పెద్ద ఎముక, అంటే టిబియా, రెండు ముక్కలు, పక్కనుండే సన్న ఎముక ఇంకోచోట విరిగింది. చర్మం చీలనందుకు సంతోషించమన్నారు డాక్టరు. ఎముక బయటికి పొడుచుకొచ్చి ఉంటే ఇన్ఫెక్షన్ భయం, ఒకటికి నాలుగు ఆపరేషన్లు ఉండేవట. వెన్నులో మత్తిచ్చి, మోకాలి దగ్గర నుంచి ఎముక లోపలికి పొడవాటి రాడ్ దించి పైనా కిందా స్క్రూలు బిగించారు. మత్తులో నొప్పి తెలియదు గానీ సుత్తి చప్పుడు వినపడుతుంది, కొట్టినప్పుడల్లా ఒళ్ళు కదులుతుంది. ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే కొంచెం తక్కువ బెదిరేదాన్ని. అందుకే మీకు చెబుతున్నాను.

ఆ రాత్రి నర్సు మాటిమాటికీ వచ్చి నా కాలి బొటనవేలు పట్టుకుని పైకి వంచేది, పిక్కలో నొప్పి పెరుగుతోందా అని అడిగేది. నిద్రపోనివ్వట్లేదని విసుక్కున్నాను కూడా. మర్నాడు డాక్టరు చెప్పారు, పిక్కలో కండరాల చుట్టూ సాగని పొర ఉంటుందట. లోపల వాపు ఎక్కువైతే రక్తం ఆడక కొన్ని గంటల్లోనే కండరం చచ్చిపోతుంది. దాన్ని ముందే పసిగట్టడానికే ఆ వేలు వంచడం.

ఇంటికి పంపేటప్పుడు చెప్పింది ఒక్క ముక్క: "కొన్ని వారాలు ఈ కాలి మీద బరువు వేయకండి." వినడానికి చిన్న మాటే. కానీ వాకర్ పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి, అంటే మంచినీళ్ళ గ్లాసు కూడా నేను తెచ్చుకోలేను. స్నానానికి కుర్చీ కావాలి, కాలికి ప్లాస్టిక్ కవర్ కావాలి, ఆ కవర్‌ని టేపుతో చుట్టడానికి ఒక మనిషి కావాలి. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద రోజూ ఇంజెక్షన్ చేయాలి. సూది చూస్తేనే మొహం తిప్పుకునే మా అమ్మాయి అది నేర్చుకుంది. రాత్రి బాత్‌రూమ్‌కి లేవాలంటే మా ఆయన్ని లేపాలి. పాపం ఆయన, వాకర్ చప్పుడు వినకుండానే లేచి కూర్చునేవారు. పగలు ఆఫీసులో కునికిపాట్లు పడుతున్నారని వాళ్ళ కొలీగ్ ద్వారా తెలిసింది.

మొదటి రోజుల్లో వాకర్ కూడా కుదరలేదు, బెడ్‌పానే. అది పెట్టింది, తీసింది మా అత్తయ్య. డెబ్బై దాటిన మనిషి, ఆమె మోకాళ్ళే సరిగా లేవు. నేను సిగ్గుతో ఆపుకుంటుంటే, "నీ సిగ్గు నేను కడగలేను గానీ ఇది కడగ్గలను, జరుగు" అంది.

మంచం మీద పడుకుని చేసే పని లేక మళ్ళీ ఆ లెక్కలే చదివాను. హెల్మెట్ అల్మారా మీద కనపడేది, గడ్డం దగ్గర గీత పడి ఉంది. దాని చరిత్ర చదివితే 1935 దగ్గరికి వెళ్ళాను. 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ బ్రిటిష్ సైనికాధికారి టి. ఇ. లారెన్స్, సైకిళ్ళ మీద వస్తున్న ఇద్దరు కుర్రాళ్ళని తప్పించబోయి మోటార్ సైకిల్ మీద నుంచి పడ్డాడు. తలకి హెల్మెట్ లేదు, ఆరు రోజులకి చనిపోయాడు. వయసు 46, నాకంటే రెండేళ్ళే ఎక్కువ. అతన్ని చూసిన డాక్టర్లలో ఒకరైన న్యూరోసర్జన్ హ్యూ కెయిర్న్స్ తల గాయాల మీద పట్టుబట్టి పనిచేసి, 1941లో హెల్మెట్ అవసరాన్ని చూపిస్తూ వ్యాసం ప్రచురించాడు. బ్రిటన్‌లో హెల్మెట్ తప్పనిసరి అయింది మాత్రం 1973లో. తల కోసం ఇంత జరిగింది. ప్రాణాపాయం లేని గాయాల్లో అన్నిటికంటే ఎక్కువగా తగిలేది కాళ్ళకీ పాదాలకే అయినా, కాళ్ళ గురించి ఎవరూ వాదించుకోరు. వద్దనేవాళ్ళు చావు చూపించి భయపెడతారు, నడపమనేవాళ్ళు చావు తక్కువని చూపించి ధైర్యం చెబుతారు. మధ్యలో నెలల తరబడి ఇంట్లో అందరి నిద్రా తినేసే ఒక ఎముక ఉంటుందని రెండువైపులా ఎవరికీ పట్టదు.

వయసు విషయం కూడా అక్కడే కనపడింది. అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చిన మోటార్ సైకిల్ గాయాల మీద 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇరవైల్లో ముప్పైల్లో ఉన్నవాళ్ళతో పోలిస్తే 60 దాటినవాళ్ళకి ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం దాదాపు మూడు రెట్లు. నలభైలు, యాభైల్లో ఉన్నవాళ్ళు మధ్యలో ఉన్నారు, వాళ్ళకీ కుర్రవాళ్ళకంటే బాగా ఎక్కువే. నలభై దాటాక బుద్ధి పెరిగి పడటం తగ్గొచ్చు గానీ, పడితే ఎముక మన అనుభవాన్ని చూడదు.

బరువు వేయడం మొదలుపెట్టొచ్చన్న రోజు సంబరంగా మంచం దిగి కాలు వేలాడేశాను. నిమిషంలోపే పాదం నేరేడుపండు రంగుకి తిరిగింది, చర్మం కింద చీమలు పాకినట్టు, లోపల ఎవరో నీళ్ళు నింపుతున్నట్టు. భయపడి కాలు పైకి లాగేశాను. ఫిజియో అమ్మాయి తాపీగా, "ఇన్నాళ్ళు పడుకున్న కాలండీ, రక్తం పైకి పంపడం మర్చిపోయింది. మళ్ళీ దించండి" అంది. ఆ రంగు రోజురోజుకీ కొంచెం ఆలస్యంగా వచ్చి, ఎప్పుడో రావడం మానేసింది. తొడ కూడా చిక్కిపోయింది. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి దాన్ని కిందికి నొక్కడం నా మొదటి వ్యాయామం. చూడ్డానికి ఏమీ చేయనట్టే ఉంటుంది, చెమటలు మాత్రం పడతాయి.

టిబియా పూర్తిగా అతుక్కోవడానికి మామూలుగా 4 నుంచి 6 నెలలు పడుతుంది. నాదీ అంతే పట్టింది. ఎక్స్‌రేలో విరిగిన చోట చుట్టూ మబ్బులా కొత్త ఎముక కనపడినప్పుడు డాక్టరు పెన్నుతో చూపించారు. ఇప్పుడు నడుస్తాను, మెట్లు ఎక్కుతాను. మోకాళ్ళ మీద కూర్చోలేను. రాడ్ వేసినవాళ్ళలో చాలామందికి మోకాలి ముందు భాగంలో ఈ నొప్పి మిగులుతుందట. మోకాలి కింద అరచేయంత మేర స్పర్శ లేదు. రాడ్ తీయించుకోవాలా వద్దా అనేది నా ఇష్టమన్నారు. ఇంకో ఆపరేషన్ అంటే ఇంట్లో ఎవరి మొహమూ చూడలేను, అలాగే ఉంచేశాను.

కాలు మానినంత త్వరగా కళ్ళు మానలేదు. కారులో పక్క సీట్లో కూర్చున్నా, ఎదుటి బండి ఇండికేటర్ వేస్తే నా కుడికాలు లేని బ్రేకుని తొక్కుతుంది. జంక్షన్ వస్తే మాట మధ్యలో ఆగిపోతుంది. కౌన్సెలింగ్‌కి వెళ్ళాను, అది ఉపయోగపడింది. ఎముకకి ఎక్స్‌రే తీయించుకున్నట్టే దీనికీ ఒకరికి చూపించుకోవాలి, దాంట్లో ఆలోచించడానికేమీ లేదు.

మళ్ళీ నడుపుతావా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. అమ్మ అడగట్లేదు, ఆజ్ఞాపిస్తోంది. పనికొచ్చే మాట అన్నది మాత్రం అత్తయ్యే. "నడపద్దని నేననను. నువ్వు చిన్నపిల్లవా? కానీ ఈసారి పడితే ఎవరెవరు ఏం చేస్తారో ముందే కాగితం మీద రాసిపెట్టు. చచ్చిపోతే ఏం చేయాలో అందరికీ తెలుసు. చావకపోతేనే తెలియట్లేదు."

నవ్వులాటకి అందేమో అనుకున్నాను. కాదు, నిజంగానే కాగితం తెచ్చింది. రాస్తుంటే నా పాత లెక్కలో లేని వరసలన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. జీవిత బీమా ఉంది, అది నేను పోతేనే డబ్బిస్తుంది. పని చేయలేని నెలలకి ఇచ్చే పాలసీ లేదు, తీసుకున్నాను. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండాలి, ఇంకా కూడబెడుతున్నాం. పగలు చూసుకోవడానికి మనిషిని పెట్టుకోవాలి, బెడ్‌పాన్ వరసలో అత్తయ్య పేరు ఉండకూడదు. మోకాలి కిందంతా కప్పే గట్టి బూట్లు కొన్నాను. మీద పడే బండి బరువుని అవి ఆపుతాయని ఎవరూ హామీ ఇవ్వరు, మడమా చర్మమూ దక్కితే అదే చాలు. ఎడమకాలే కదా, గేరు పైకి లేపాల్సింది ఆ కాలి వేళ్ళతోనే. ఫిజియో అమ్మాయి బూటు మీద చిన్న బరువు పెట్టి పాదం ఎత్తించేది, అందుకే అది వచ్చింది. ఖాళీ మైదానంలో బండి ఎక్కి చూశాను. నడుస్తోంది, చేతులు వణుకుతున్నాయి, వణుకుతూనే నడుస్తోంది.

కాగితంలో ఇంకా ఒక గడి నిండలేదు. రాత్రి లేచేది ఎవరు? మా అమ్మాయి తన పేరు రాయబోతే నేను ఒప్పుకోలేదు, చదువుకునే పిల్ల. మా ఆయన పేరు రాద్దామంటే ఆయన ఒక షరతు పెట్టారు. తనకీ బండి నేర్పాలట. అత్తయ్యకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.