రోటారుకు కరెంటు ఎక్కడిది?

పదో తరగతి త్రైమాసిక పరీక్షల్లో జనరల్ సైన్స్ మొదటి పేపర్లో నాకు 50కి 14 వచ్చాయి. అవీ ఎక్కువగా కెమిస్ట్రీవే. అయస్కాంత క్షేత్రం మారితే తీగలో కరెంటు పుడుతుందని చెప్పే విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం నాకు అస్సలు ఎక్కలేదు. ఫారడే నియమం, లెంజ్ నియమం పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు అప్పజెప్పేదాన్ని. 'అభివాహంలో మార్పు' (తీగచుట్ట గుండా పోయే అయస్కాంత క్షేత్రం మారడం) అంటే ఏమిటని అడిగితే మాత్రం నోరు పెగిలేది కాదు. ఆ టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

పేపర్లు పంచుతూ ఫిజిక్స్ సార్ నా దగ్గర ఆగి, "మీ బాపు ఏం పని చేస్తాడమ్మా?" అని అడిగారు. మోటార్ వైండింగ్ షాపు అని చెప్పాను. "అయితే వారం రోజులు ఈ పాఠం చదవకు. బడి అయ్యాక షాపులో కూర్చో. అక్కడ నీకు అర్థం కానిది ఒక్కటి పట్టుకొని రా" అన్నారు.

మాది జనగామ వైపు, బోర్ల మీద బతికే ఊరు. వోల్టేజీ పడిపోతే మోటారు అదే నీళ్లు ఎత్తడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కి మాడిపోతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా అంతే. ఎండాకాలం మా షాపు ముందు మోటార్లు వరసగా ఉండేవి. మాడిన కాయిల్ కోసి, చుట్లు లెక్కపెట్టి రాయడం బాపు నాకు అప్పగించాడు. ఒక్క చుట్టు తప్పు పోకూడదు. మోటారులో కదలని బయటి భాగమైన స్టేటర్‌లో 36 స్లాట్లు (గాడులు). ఒక్కోదానిలో కాగితం పెట్టి, తీగ దింపి, పైన వెదురు బద్ద కొట్టేవాడు. వార్నిష్ పోశాక లోపల పెద్ద బల్బు వెలిగించి ఆరబెట్టేవాడు. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం.

నాలుగో రోజు ఒక పిండిగిర్ని మోటారు విప్పాం. తీగలన్నీ స్టేటర్‌కే ఉన్నాయి. మధ్యలో తిరిగే రోటారు ఉత్త ఇనుప దిమ్మలా ఉంది, దానికి ఒక్క వైరు కూడా లేదు.

"బాపూ, దీనికి కరెంటు ఎట్ల వస్తది?"

"దానికి మనం ఇయ్యం బిడ్డా. అదే పుట్టిచ్చుకుంటది."

ఆ మాటకు నా చేతిలో పని ఆగిపోయింది. నేను బట్టీ పట్టిన పాఠమంతా అదే కదా! స్టేటర్ తీగల్లోని కరెంటు వల్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం తిరుగుతుంటే, రోటారు లోపలున్న అల్యూమినియం కడ్డీల్లో కరెంటు పుడుతోంది. మరి మోటారు రేకు మీద 50 హెర్ట్జ్, 1440 ఆర్.పి.ఎం. (నిమిషానికి 1440 చుట్లు) అని ఎందుకుంది? 50 హెర్ట్జ్ అంటే సెకనుకు 50 ఆవృత్తాలు. నాలుగు ధ్రువాలంటే రెండు జతలు కాబట్టి క్షేత్రం సెకనుకు అందులో సగం, 25 చుట్లు, అంటే నిమిషానికి 1500 తిరగాలి. రోటారు 60 ఎందుకు వెనకబడుతోంది? బాపును అడిగితే, "ఎన్నడూ 1500 ఉండదు బిడ్డా, కొంచెం తక్కువనే ఉంటది. ఎందుకో నాకు ఎరుక లేదు" అన్నాడు.

ఆ ప్రశ్నే సార్ దగ్గరికి పట్టుకెళ్లాను. సార్ మమ్మల్ని గ్రౌండ్‌లో వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లారు. నా స్నేహితురాలిని చెట్టు చుట్టూ పరుగెత్తమని, నన్ను ఆమె పక్కనే అదే వేగంతో పరుగెత్తమన్నారు. "ఇప్పుడు నీకు ఆమె ఎలా కనిపిస్తోంది?"

"కదలకుండా ఉన్నట్టే ఉంది సార్."

"క్షేత్రంతో సమానంగా తిరిగితే రోటారుకూ అంతే. మార్పే లేదు. మార్పు లేకపోతే కరెంటు లేదు, కరెంటు లేకపోతే తిప్పే బలం లేదు. అందుకే అది ఎప్పుడూ కొంచెం వెనకే ఉంటుంది."

ఆ రోజే ఫారడే గురించి కూడా చెప్పారు. పెద్ద చదువు లేకుండా, పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పని నేర్చుకుంటూ వాటినే చదివిన మనిషి 1831లో ఈ ప్రేరణను కనిపెట్టాడని. వార్షిక పరీక్షలో నాకు 41 వచ్చాయి. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠం చెబుతున్నాను. ఈ పాఠం వచ్చిన రోజు తరగతిలోకి ముందు రోటారే వెళ్తుంది.

వేపచెట్టు దగ్గర పరుగెత్తిన ఆ సాయంత్రం నేరుగా షాపుకు వెళ్లి, సార్ చెప్పింది బాపుకు చెప్పాను. ఇరవై ఏళ్లుగా మోటార్లు కడుతున్న మనిషి చేతిలో పని పక్కన పెట్టాడు. బల్ల మీదున్న రోటారును మెల్లగా ఒకసారి తిప్పి చూశాడు.

"మల్లొకసారి చెప్పు బిడ్డా" అన్నాడు.

మళ్లీ మొదటి నుంచి చెప్పాను.