పన్నెండు దెబ్బల పాఠం

“నీకెలాగూ పాటల పిచ్చి కదా, అభిమాన గాయకుల మీద ఒక పేజీ రాసిపారెయ్” అని మన స్కూలు బ్యాచ్ రీయూనియన్ కమిటీ తరఫున జనరేటర్‌గాడు ఫోన్ చేశాడు. ఫోటో కూడా కావాలట, జుట్టున్నప్పటిది. రెండోసారి గుర్తుచేసినప్పుడు గొంతులో పాత క్లాస్ లీడర్ దర్పం వినపడింది. ఇదిగో, రాస్తున్నాను.

గాయకుల విషయంలో మనం ఎప్పుడూ రెండు ముక్కలే. ముందు బెంచీలది ఘంటసాల పార్టీ, వెనక బెంచీలది బాలు పార్టీ. నాది మధ్య బెంచీ కాబట్టి ఎవరు గట్టిగా కొడితే వాళ్ల పార్టీ. నాకంటూ ఒక రుచి ఏర్పడింది చాలా ఆలస్యంగా, ఒపెరాల్లో (పాశ్చాత్య సంగీత నాటకాల్లో) పాడిన మరియా కాలస్‌ని విన్నాక. పై స్థాయికి వెళ్లినప్పుడు ఆ గొంతు ఒక్కోసారి ఊగుతుంది, కాస్త గరుకు కూడా. అయినా ఆవిడ పాడుతుంటే పక్కకి కదల్లేం. ఆ తర్వాత నున్నగా పాడేవాళ్లు నాకు ఆనలేదు. మన వాట్సాప్ గ్రూపులో ఒపెరా గాయకుడు పవరోటీ భక్తులు ముగ్గురున్నారని తెలుసు. కోప్పడకండి.

గాయకులు ఇక చాలు. ధ్వని పాఠం రోజు సంగతి రాయకపోతే మీరు ఊరుకోరు.

ఫిజిక్స్ సార్ పుస్తకం తెరవలేదు. బోర్డు మీద ఇంటూ గుర్తులూ, మధ్యలో గీతలూ వేశారు. మూడు చప్పట్లు, ఖాళీ. రెండు, ఖాళీ. ఒకటి, ఖాళీ. రెండు, ఖాళీ. ఖాళీలతో కలిపి మొత్తం పన్నెండు. “ఇది పాటేనా సార్?” అని అడిగిన మహానుభావుడు ఇప్పుడు బ్యాంక్ మేనేజరు. పాటేనన్నారు సార్. స్టీవ్ రైక్ అనే అమెరికన్ 1972లో రాశాడట, వాయిద్యాలేవీ మోసుకెళ్లక్కర్లేకుండా ఒంటితోనే చేసే సంగీతం కావాలని. (రైష్ అనాలని తర్వాత తెలిసింది. సార్ రైక్ అన్నారు, నాకు రైకే.)

కిటికీ వైపు వాళ్లు ఆ పన్నెండునీ మార్చకుండా కొడుతూనే ఉండాలి. గోడ వైపు వాళ్లు కొన్నిసార్లు కలిసి కొట్టి, ఒక్క దెబ్బ ముందుకి జరగాలి. మళ్లీ కొన్నిసార్లు, మళ్లీ ఒక్కటి. అలా పన్నెండుసార్లు జరిగితే ఇద్దరూ తిరిగి కలుస్తారు. రచన మొత్తం ఇంతే. మొదటి జరుగుడుకే గదిలో కొత్త దరువు పుట్టింది, అది ఎవరి చేతుల్లోనూ లేదు! నాకు ఒళ్లు జలదరించింది. అయిదో జరుగుడు దగ్గర జనరేటర్‌గాడు నవ్వాడు, గోడ వైపంతా కుప్పకూలింది. మళ్లీ మొదలు. ఈసారి ఏడు. అంతలో బెల్లు. పన్నెండు మనం చూడనేలేదు.

మర్నాడు జాన్ కేజ్ అనే అమెరికన్ స్వరకర్త గురించి చెప్పి, వాయించేదేమీ లేని ఆయన 1952 నాటి రచన కోసం మనల్ని 4 నిమిషాల 33 సెకన్లు నోరుమూసుకు కూర్చోబెట్టారు. దాన్ని పాడుచేసింది ఎవరి కడుపో ఇక్కడ రాయను.

తొమ్మిది, పది తరగతులు ఎటు పోయాయో నాకు తెలీదు. ఆ రెండు పీరియడ్లే మిగిలాయి.

ఇప్పుడు నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేస్తాను. శబ్దం చొరబడని గదిలో పిల్లల్ని కూర్చోబెట్టి 250 హెర్ట్జ్ నుంచి 8000 దాకా సన్నటి కూతలు వినిపిస్తాను. వినపడగానే చెయ్యెత్తాలి. అలాంటి గదులు మూడయ్యాయి, అప్పు కూడా తీరింది (ఎవరూ అడగలేదనుకోండి). కేజ్ హార్వర్డ్‌లో ఇలాంటిదే, ప్రతిధ్వని కూడా లేని గదిలోకి వెళ్లి రెండు శబ్దాలు విన్నాడు. సన్నది నాడులది, బొంగురుది రక్తానిది అని అక్కడి ఇంజనీరు చెప్పాడట. ఆ సన్నది చెవిలో హోరేమోనని నా వృత్తి అనుమానం. సాయంత్రం చివరి పిల్లాడు వెళ్లాక ఎస్టోనియా స్వరకర్త అర్వో పెర్ట్ 1978లో వయొలిన్‌కీ పియానోకీ రాసింది ఒకటి పెట్టుకుంటాను. పియానో మూడేసి స్వరాలుగా నడుస్తుంది, తొందరేం ఉండదు. రైక్ తోటి అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ మాత్రం నాకు ఇప్పటికీ ఎక్కలేదు.

సార్ వస్తున్నారని కమిటీ చెప్పింది. కల్చరల్ ప్రోగ్రాంలో మనకో అయిదు నిమిషాలు రాయించండి. కిటికీ వైపు వాళ్లు కదలకండి. జనరేటర్‌గాణ్ని మాత్రం ఫోటోలు తియ్యడానికి పెట్టండి.